పాత గచ్చు పీకనక్కర్లేదంటున్నవారికి

"పాత గచ్చు పీకడం ఎందుకు బాబూ, దండగ. యాసిడ్ పోసి కడిగేసి, నాలుగు గాట్లు పెట్టి, దాని మీదే టైల్స్ ఏసేద్దుము. రెండ్రోజుల్లో అయిపోద్ది."

కళింగపట్నంలోనే కాదు, గార మండలం అంతటా, ఆ మాటకొస్తే ఉత్తరాంధ్ర తీరం పొడుగునా ఇల్లు బాగుచేయించుకోబోయే కుటుంబాలకు ఈ సలహా ఏదో ఒక నోట వినబడుతూనే ఉంటుంది. టైల్స్ కొట్లో చెబుతారు. పని గుత్తకు తీసుకున్నవారు చెబుతారు. కిందటేడు తమ ఇంట్లో అలాగే వేయించుకున్న చుట్టాలు మరీ నమ్మకంగా చెబుతారు. చెప్పేవారిలో చాలామందికి దురుద్దేశం లేదు. అయినా సలహా తప్పు. గచ్చు పీకడం దండగన్నది తప్పు, యాసిడ్ శుభ్రం చేస్తుందన్నది తప్పు, గాట్లు పెడితే పట్టు దొరుకుతుందన్నది సగం తప్పు. వేటకెళ్లో, గల్ఫుకెళ్లో, జీడి తోటల్లో కూలి చేసో కూడబెట్టుకున్న డబ్బు ఈ మాటల మీద ఖర్చయిపోతోంది. అందుకే వీటిని ఊరుకోకుండా ఖండించాల్సి వస్తోంది.

ముందు వారి వాదనలో బలమున్న భాగం చూద్దాం. "ఇప్పుడు కొత్త జిగుర్లు వచ్చాయి, టైలు మీద టైలే అంటుకుంటోంది, గచ్చు మీద అంటుకోదా?" అంటారు. అలాంటి జిగుర్లు ఉన్న మాట నిజమే. వాటికి మన దేశంలో ఐఎస్ 15477 అనే ప్రమాణం కూడా ఉంది. కాని ఆ జిగురు తయారుచేసినవారు పెట్టే షరతులు ఎవరైనా చదివి వినిపించారా? అడుగు నేల గట్టిగా ఉండాలి. పొడిగా ఉండాలి. నూనె, మైనం, రంగు, దుమ్ము ఏవీ ఉండకూడదు. వదులుగా ఉన్న ముక్క ఒక్కటీ మిగలకూడదు. ఇవన్నీ కుదిరాకే జిగురు పని మొదలవుతుంది. కొట్లో మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తున్నారు.

పైగా చాలా ఇళ్లల్లో ఆ జిగురు కూడా వాడరు, సిమెంటు పాలు పోసి టైలు అద్దేస్తారు. విట్రిఫైడ్ టైలు పీల్చుకోగల నీరు, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, దాని బరువులో 0.5 శాతానికి మించదు. సిమెంటు పాలు సన్నటి రంధ్రాల్లోకి దిగి అక్కడ గట్టిపడితేనే పట్టు పుడుతుంది. పైనున్న టైలు పీల్చుకోదు. కిందనున్న ఎర్ర గచ్చు, తాపీతో రుద్ది రుద్ది నునుపు చేసి, ఏళ్ల తరబడి మైనం పాలిష్ పట్టించినది, అదీ పీల్చుకోదు. ఆ రెండింటి నడుమ సిమెంటు దేనికీ అంటుకోకుండా పలకలాగా గట్టిపడుతుంది. కొన్నాళ్లకు మడమ కింద డొల్ల చప్పుడు మొదలవుతుంది. ఆ తరవాత ఒక మూల టైలు పగులుతుంది. సందు వదలకుండా ఒకదానికొకటి ఆనించి పరిచిన గదుల్లోనైతే వరసకు వరసే గుడారంలా పైకి లేస్తుంది. అప్పుడు "టైలు నాసిరకం" అని కంపెనీని తిట్టుకుంటారు. టైలు తప్పు అందులో ఏమీ లేదు.

ఈ మాత్రం ఏ ఊరికైనా వర్తించేదే. కళింగపట్నానికి వచ్చేసరికి ఇంకో సంగతి ఉంది, అసలు వాదన అంతా దాని మీదే నిలబడింది. అది ఉప్పు.

వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరిది. ఇసుక నేల, ఉప్పు గాలి. మన కాంక్రీటు నియమావళి ఐఎస్ 456, తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును 'తీవ్ర' తరగతిలో పెట్టి, దానికి ఎక్కువ బలమూ, లోపలి కడ్డీ మీద ఎక్కువ కప్పూ అడిగింది. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు ఎంతవరకు ఉండవచ్చో కూడా అదే చెబుతుంది: కడ్డీ లేని కాంక్రీటుకైతే లీటరుకు 2000 మిల్లీగ్రాములు, కడ్డీ ఉన్నదానికైతే 500. సముద్రపు నీటిలో ఉండేది దాదాపు 19,000. ఈ లెక్కలు ఎవరూ చూడని రోజుల్లో, దగ్గర్లో దొరికిన ఇసుకతో, పెరటి నూతిలోని చప్పనో ఉప్పనో అయిన నీళ్లతో కలిపి వేసిన గచ్చులు తీరపు ఊళ్లల్లో తక్కువేమీ కాదు. అలాంటి గచ్చు పుట్టడమే ఉప్పుతో పుట్టింది. దాని కింద నింపిన ఇసుకలోనూ ఉప్పు ఉంది.

నేలలోని చెమ్మ గచ్చు రంధ్రాల గుండా పైకి పాకుతుంది, వస్తూ వస్తూ ఉప్పును కరిగించి తెస్తుంది. పైకి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు పలుకు రంధ్రంలో పెరుగుతూ చుట్టూ ఉన్న సిమెంటును నెడుతుంది. గోడ అడుగున తెల్లటి పొడి, గచ్చు మీద పెచ్చులు, చీపురుకు రోజూ వచ్చే ఇసుక, అన్నిటికీ మూలం ఇదే. ఇన్నాళ్లూ గచ్చు తెరిచి ఉంది కాబట్టి చెమ్మ గాలిలో కలిసిపోయేది. దాని మీద నీరు చొరని టైలు పరిస్తే చెమ్మ ఆగదు, దారి మార్చుకుంటుంది. టైల్స్ మధ్య సందుల్లో తెల్లగా పూస్తుంది, గోడ అంచు పట్టుకుని పైకి ఎక్కుతుంది. టైల్స్ వేయించాక గోడలకు చెమ్మ పెరిగిందని వాపోయే ఇళ్లల్లో జరిగింది చాలాసార్లు ఇదే. టైల్స్ బదులు మెరిసే ఎపాక్సీ పూత వేయిస్తే సంగతి ఇంకా తొందరగా బయటపడుతుంది. పూత బొబ్బలెత్తి పొరలు పొరలుగా లేచివస్తుంది.

తుపాన్ల సంగతీ మరవకూడదు. వాతావరణ శాఖ బులెటిన్లలో మన ఊరి పేరు వినని తుపాను కాలం అరుదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య దాటింది. అలాంటి వాన తరవాత గచ్చూ దాని కింది ఇసుకా రోజుల తరబడి నానిపోయి ఉంటాయి. పైన తుడిస్తే పొడిగానే కనబడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ తరవాత సంక్రాంతికో ఇంట్లో పెళ్లికో తొందరపడి టైల్స్ వేసేస్తారు. ఆ తడినీ ఆ ఉప్పునూ కలిపి లోపల మూతపెట్టి సీలు వేసినట్టవుతుంది.

ఇక యాసిడ్. ఈ ఒక్క అలవాటు మానిపించగలిగినా ఈ వ్యాసం రాసిన ఫలితం దక్కినట్టే. బాత్రూములు కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గచ్చు మీద పోయగానే బుసబుస పొంగుతుంది, మురికి పోతోందని చూసేవారికి తృప్తి కలుగుతుంది. కాని ఆ పొంగు మురికిది కాదు, సిమెంటులోని సున్నం కరిగిపోతున్న పొంగు. నూనె మీద, మైనం మీద, పెయింటు మీద యాసిడ్ ఏమీ చేయలేదు. అవి ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉంటాయి. సున్నమూ యాసిడూ కలిసి కాల్షియం క్లోరైడు పుడుతుంది. గాలిలోని తేమను పీల్చుకుని ఎప్పుడూ చెమర్చుతూ ఉండే ఉప్పు అది. అంటే ఉప్పు బాధ తీర్చుకోవడానికని నేల మీద చేతులారా ఇంకొంత ఉప్పు పోసుకున్నామన్నమాట. మేడ మీద గదుల్లోనైతే ఆ క్లోరైడు స్లాబులోకి దిగి కడ్డీ దాకా పోతుంది. తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. కింది గది సీలింగు పెచ్చులూడి మంచం మీద పడేది అందుకే. యాసిడ్ మీద బ్లీచింగ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, కిటికీలు మూసిన గదిలో అది ప్రాణాంతకం. కడిగేది ఎక్కువగా కూలికి వచ్చిన ఆడవాళ్లు. చేతికి తొడుగు ఉండదు, కాళ్లకు చెప్పులుండవు.

గాట్ల సంగతి సగం తప్పన్నాను. గరుకు చేస్తే పట్టు పెరుగుతుంది, నిజమే. కాని దేన్ని గరుకు చేస్తున్నామన్నది చూడాలి. పాత గచ్చు వేసేటప్పుడు తడి ఆరకుండానే పైన పొడి సిమెంటు చల్లి తాపీతో నునుపు చేయడం మనవైపు వాడుక. అలా పైన తేలిన పొర గోరుతో గీస్తే మెరుస్తుంది గాని, కింది కాంక్రీటుతో దాని బంధం అంతంతమాత్రం. శానంతో అక్కడక్కడా గాట్లు పెడితే ఆ పొరకు గాట్లు పడతాయి, పొర మాత్రం అలాగే ఉండిపోతుంది. కొత్త పనంతా ఆ బలహీనమైన పొర మీద నిలబడుతుంది. చేయవలసింది పొర మొత్తాన్ని తీసేసి, లోపలి కంకర కనబడేదాకా వెళ్లడం. జానెడుకొక గాటు అందుకు సరిపోదు.

బరువు, ఎత్తు గురించి వారు అసలు మాట్లాడరు. పాత గచ్చు మీద అంగుళం మందం సిమెంటు, దాని మీద టైలు వేస్తే చదరపు మీటరుకు దాదాపు 70 కిలోల బరువు కొత్తగా చేరుతుంది. పన్నెండుకు పన్నెండు అడుగుల గదికి ఆ లెక్క 900 కిలోలు దాటుతుంది. ఇళ్లల్లో మనుషులకూ సామానుకూ కలిపి ఐఎస్ 875 లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. అందులో మూడో వంతుకు పైగా ఒక్క నేలే తినేస్తుంది. కింది గదులకు ఈ బాధ లేదు, మట్టి మోస్తుంది. ఉప్పు గాలికి కడ్డీ తుప్పెక్కిన పాత స్లాబు మీద మాత్రం ఇలా బరువు పెంచడం మంచిది కాదు. ఎత్తు పెరిగితే తలుపు రెక్కలు కోయాలి, పసుపు రాసి బొట్టు పెట్టుకునే గడప నేలలో కూరుకుపోతుంది, వీధి అరుగు కంటే గది ఎత్తై, పెరటి వైపు వాలు తలకిందులవుతుంది. ముసలివాళ్లకు ప్రతి గది దగ్గరా కొత్తగా ఒక చిన్న మెట్టు ఎదురవుతుంది. వాళ్లు తట్టుకుని పడేది పెద్ద మెట్ల మీద కాదు, ఇలాంటి రెండంగుళాల మెట్ల మీదే.

ఇదే జబ్బు వీధుల్లోనూ ఉంది. పాత సీసీ రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోతే ఇంటి పునాది కంటే రోడ్డు ఎత్తవుతుంది, వాన నీళ్లు ఇంట్లోకి నడుస్తాయి. తమిళనాడులో 2021లో అప్పటి ప్రధాన కార్యదర్శి ఇరై అన్బు, పాత రోడ్డు పైపొర గీకి తీశాకే కొత్తది వేయాలని ఆదేశించారు. మన పంచాయతీల్లోనూ అదే అడగాలి.

అలాగని కనబడ్డ గచ్చునల్లా పగలగొట్టమని నేను చెప్పడం లేదు. అటువైపు నుంచి వచ్చే మాటా ఒకటుంది, "మొత్తం పీకేయండి, కొత్తగా వేసుకుందాం" అని. అదీ ఒప్పుకోకూడదు. యాభై ఏళ్లనాటి ఎర్ర గచ్చు, తట్టి చూస్తే ఎక్కడా డొల్ల పలకనిది, చెమ్మ లేనిది, ఇంట్లో ఉంటే దాన్ని కాపాడుకోండి. దాన్ని రుద్ది, మళ్లీ పాలిష్ పట్టిస్తే టైల్స్ కంటే చల్లగా, కాలికి హాయిగా ఉంటుంది. అంత పనితనమున్న చేతులు ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. సున్నపు గచ్చు కూడా అంతే, అది చెమ్మను వదిలే గుణమున్న నేల, దాని మీద సిమెంటు కప్పితే పాడుచేసినట్టే. తీయాలా వద్దా అన్నది నేలే చెబుతుంది. సుత్తి పిడితో అడుగడుగునా తట్టి వినండి. నీటి చుక్క వేసి చూడండి. ఇంకకుండా ముత్యంలా నిలిస్తే మైనమో పెయింటో ఉన్నట్టు. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగంచులూ టేపుతో అంటించి, కనీసం 16 గంటలు ఉంచి ఎత్తి చూడండి. కింద నీటి బిందువులున్నా, గచ్చు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. ఇది అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం కూడా పాటించే పరీక్ష. దీనికయ్యే ఖర్చు ఓ ప్లాస్టిక్ ముక్క, ఓ టేపు చుట్ట.

తీయాల్సివస్తే సగం తీయకూడదు. కింది గదుల్లో పైపొర తీసి ఆగిపోతే ఉప్పు ఇసుక అలాగే ఉంటుంది. చెమ్మ బలంగా ఉన్న ఇంట్లో అడుగు కాంక్రీటునూ పగలగొట్టి, కింది ఇసుకను బయటికి తోడి, ఉప్పు లేని నది ఇసుకో గ్రావెలో నింపి, నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కేలా, గోడ అంచున కాస్త పైకి మలిచి పరవాలి. ఆ పైనే కొత్త కాంక్రీటు. ఈ షీటు లేకపోతే తీసిందంతా వృథా. కొత్త కాంక్రీటు ఆరడానికి అంగుళానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది, మన తీరపు తేమలో ఇంకా ఎక్కువే పడుతుంది. మేడ మీద పని వేరు. అక్కడ బ్రేకర్ మెషీను పెట్టి దడదడలాడిస్తే స్లాబు అదిరి కడ్డీకీ కాంక్రీటుకీ ఉన్న పట్టు వదులవుతుంది. చిన్న సుత్తి, శానం, లేదా నీళ్లు చల్లుతూ నడిపే గ్రైండరు వాడాలి. నిదానంగానే పని జరగాలి.

నీళ్లు చల్లుతూ అన్నమాటను దాటిపోవద్దు. పాత గచ్చును పొడిగా గ్రైండరుతో కోసినప్పుడు లేచే తెల్లటి పొగలో ఇసుక నుంచి పుట్టిన సిలికా ఉంటుంది. కంటికి కనబడే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది. కనబడని, 5 మైక్రాన్ల కంటే సన్నటి రేణువు ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చ కడుతుంది, ఊపిరి తగ్గుతూ వస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు, దాన్ని నయం చేసే మందు లేదు. ఈ దుమ్ము క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. అమెరికాలో పనిచోట గాలిలో ఒక ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదని 2016లో నిబంధన వచ్చింది. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది. కాని ఇల్లు ఫ్యాక్టరీ కాదు. అప్పటిదాకా ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా 10 లక్షల రూపాయల లోపు సొంతింటి పనిని తన పరిధిలోకి తీసుకోలేదు. గది మధ్యలో మొహానికి తువ్వాలు చుట్టుకుని గ్రైండరు పట్టుకున్న కుర్రాడికి ఏ చట్టమూ తోడు లేదు. టెక్కలి వైపు గ్రానైటు పనికి వెళ్లొచ్చిన మనుషులున్న జిల్లా మనది, ఈ దుమ్ము ఏం చేస్తుందో ఇక్కడ ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా "తడిపితే బురదవుతుంది, గోడలు పాడవుతాయి" అని పొడిగానే కోయించే ఇంటివారున్నారు. గోడకు మళ్లీ సున్నం వేయించుకోవచ్చు. తువ్వాలు ఈ రేణువును ఆపదు, ఎన్95 మాస్కు కొంత ఆపుతుంది, నీళ్లు అన్నిటికంటే ఎక్కువ ఆపుతాయి. పిల్లలనూ ముసలివాళ్లనూ ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉంచకూడదు.

పెళ్లల సంగతి ఒక్క ముక్కలో. అంగుళమున్నర మందం పైపొర తీసినా, పైన చెప్పిన పన్నెండడుగుల గది ఒక్కదానికే టన్నుకు పైగా శకలాలు వస్తాయి. వాటిని రాత్రిపూట ట్రాక్టరులో తీసుకెళ్లి వంశధార గట్టునో బీచి ఇసుకలోనో కుమ్మరించడం నేరం. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు నిర్మాణ వ్యర్థాలు అక్కడ పడేయడాన్ని నిషేధించాయి. ఉప్పు లేని గట్టి కాంక్రీటు ముక్కలైతే పెరటి బాట కిందో, పశువుల పాక నేల కిందో పరుపుగా పనికొస్తాయి.

చివరికి అందరూ చెప్పేది డబ్బు. "ఇదంతా బాగానే ఉంది, అంత పెట్టగలిగితే కదా" అంటారు. పేద కుటుంబం అడిగే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. దీనికి నా జవాబు ఒకటే: పెట్టలేకపోతే కప్పొద్దు. పెచ్చులూడినచోట అంతవరకే చెక్కి అతుకు వేయించండి, మిగతా గచ్చును అలాగే ఉంచండి. చెమ్మ ఆరే దారైనా మిగులుతుంది. లేదా ఈ ఏడాది ఒక గది, పై ఏడాది ఇంకో గది చొప్పున సరిగ్గా చేయించండి. పాత గచ్చు మీద టైల్స్ వేయించి, అవి లేచిపోయాక టైల్సునూ గచ్చునూ కలిపి పీకించే కుటుంబం పీకుడు కూలి తప్పించుకోలేదు, దానికి తోడు ఒక వరస టైల్సూ సిమెంటూ పోగొట్టుకుంది.

మేస్త్రితో మాట్లాడేటప్పుడు టైలు ధర తరవాత అడగండి. పాత గచ్చు ఎంత లోతు తీస్తారు, తీశాక అడుగు నేల మాకు చూపించి ఒప్పించుకున్నాకే పైపని మొదలుపెడతారా, పాలిథీన్ షీటు వేస్తారా, శకలాలు ఎక్కడికి తోలుతారు అని అడిగి, ఆ జవాబులను అంచనా కాగితం మీద విడిగా రాయించుకోండి. యాసిడ్ సీసా గడప లోపలికి రానివ్వకండి. గ్రైండరు పట్టే మనిషికి మాస్కు, నీళ్ల గొట్టం ఇవ్వాల్సింది ఇంటివారే. పని మొదలయ్యే రోజు పొద్దున్నే అవి సిద్ధంగా ఉంచండి.